నీళ్ళకు దారి వదిలిన వెంగయ్య మేస్త్రి

వెంగయ్య మేస్త్రి పోయారన్న కబురు నాకు కంభం రైలు స్టేషన్లో తెలిసింది. అర్ధవీడు నుంచి వచ్చిన బండివాడు ఎద్దులను విప్పుతూ, "ఓర్సీరయ్యా, నీకింకా తెలవదా? మేస్త్రి పోయినాడు. మూడు దినాల జరం, అంతే," అన్నాడు. నా చేతిలో ఆ వారం చేయవలసిన పనుల పట్టిక ఉంది. అందులో నాలుగో పని: 'దక్షిణపు గోడ రాళ్ళ వరసలు మేస్త్రిని అడిగి సరిచూడవలెను.' ఆ వాక్యం కొట్టివేయాలో ఉంచాలో తెలియక పెన్సిలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. దుఃఖం తరువాత వచ్చింది. ముందు వచ్చింది భయం. నా తప్పును నా ముఖాన చెప్పగల మనిషి ఈ తాలూకాలో ఇంక లేడు.

అర్ధవీడు దాటి నల్లమల అంచుకు పోతే చిన్న గుట్ట మీద పాత శివాలయం ఒకటి ఉంది. గుడికీ, చుట్టూ ఉన్న ప్రాకారానికీ సున్నం గానీ మట్టి గానీ పెట్టలేదు. రాయి మీద రాయి, బరువు మీద బరువు, అంతే. ఎన్ని వందల ఏళ్ళ నాటిదో నాకు తెలియదు. తెలుసునని చెప్పేవారిని నేను నమ్మను. దాన్ని బాగుచేయడానికి పదకొండు మంది పెద్దలు ఒక సంఘం పెట్టుకున్నారు. మదరాసులో ఇంజనీరింగు చదివి వచ్చానని నన్ను పర్యవేక్షణకు, ఓవర్సీరుగా నియమించారు. పని చేసింది వెంగయ్య మేస్త్రి.

ఆయన పోయిన అయిదో నాడు సంఘం వారు సంతాప సభ జరిపారు. బతికినన్నాళ్ళూ "ఒరే వెంగా" అని పిలిచిన నోళ్ళే ఆనాడు "శ్రీయుత వెంగయ్య గారు" అన్నాయి. మూడు తీర్మానాలు చేశారు. మొదటిది సంతాపం. రెండవది, ఇంత చక్కగా సంతాపం ప్రకటించినందుకు అధ్యక్షుల వారికి కృతజ్ఞత. మూడవది, మేస్త్రి కట్టిన ఉత్తరపు గోడ సందులన్నీ సిమెంటుతో పూడ్చి, నున్నగా పూసి, దాని మీద ఆయన పేరు పెద్ద అక్షరాలతో చెక్కించడం. పెద్దకర్మ నాటికి పని మొదలు కావాలట. అంచనా పట్టిక తయారుచేయవలసింది నేను.

ఒక మనిషి ప్రాణం పోయేదాకా ఏవగించుకున్న పదార్థంతోనే ఆయనకు స్మారకం కట్టాలన్న ఆలోచన ఒక్కరికి వచ్చి ఉంటే పొరపాటు అనుకునేవాణ్ణి. పదకొండు మందికి ఒకేసారి వచ్చింది. చప్పట్లు కూడా కొట్టారు. ఆ గోడ ఏమిటో, ఆ మనిషి ఎవరో చెప్పకుండా ఊరుకోవడం నావల్ల కాదు. అందుకే ఈ వ్యాసం.

మేస్త్రి పొట్టి మనిషి. ఎడమచేతి బొటనవేలికి గోరు లేదు. సొత్తు అంతా ఒక గోనెసంచిలో పట్టేది: ఉలులు నాలుగు, సుత్తులు రెండు, తూకపు గుండు ఒకటి, సుద్దముక్కల మూట ఒకటి, మోకు ఒకటి. గడ్డపార మాత్రం భుజాన ఉండేది. చదువు లేదు. మనుషులను రెండు తరగతులుగా విభజించేవారు: రాయిని ముట్టుకుని మాట్లాడేవాళ్ళు, ముట్టుకోకుండా మాట్లాడేవాళ్ళు. సంఘం యావత్తూ రెండో తరగతి. మొదటి నెలంతా నేనూ అందులోనే ఉన్నాను.

నేను వెళ్ళిన మొదటిరోజు నా పటాలు పరిచాను. ఆయన వాటి వంక చూడనైనా చూడలేదు. ఒక రాయిని కాలితో చూపించి, "దీనికి వాన చూసిన ముఖం ఏది నాయనా?" అని అడిగారు. నాకు తెలియలేదు. ఆయన వంగి రాయిని తిప్పారు. ఒకవైపు నల్లగా, పాచి ఎండి గరుకుగా ఉంది; తక్కిన వైపులు తెల్లగా ఉన్నాయి. "ఇన్నేండ్లు వాన చూసిన ముఖాన్ని మళ్ళా వానకే పెట్టాల. లోపలికి తిప్పితే కొత్త ముఖం పొరలు పొరలుగా లేస్తది. మదరాసులో రాళ్ళకు ముఖాలుండవా?" కూలీలు నవ్వారు. నేను పుస్తకంలో రాసుకున్నాను. అది చూసి ఆయన కూడా నవ్వారు.

పట్టికలు రాయడంలో నన్ను మించినవాడు లేడని నాకు గర్వం ఉండేది. ఉత్తరపు గోడ విప్పేటప్పుడు అది పోయింది. ఒరిగిన గోడను పైనుంచి ఒక్కొక్క రాయిగా దించి, ప్రతి రాయికీ సుద్దతో గుర్తు పెట్టి, గోడలో ఏ వరసలో ఏ చోట ఉందో అదే వరసలో నేల మీద పరిచారు. అక్షరాలు రావు గనుక వరసకొక బొమ్మ: చేప, తేలు, జొన్నకంకి, చెప్పు. బొమ్మ పక్కన గీతలు. నేను నా పద్ధతిలో అంకెలు వేసుకున్నాను. తిరిగి పేర్చేటప్పుడు నా పట్టికలో రెండు రాళ్ళు ఎక్కువ వచ్చాయి. ఆయన నేలవైపు ఒక్కసారి చూసి, "తేలు వరసలో ఏడో రాయిని నువ్వు మూడుతూర్లు రాసుకున్నావు. దాని మీద కూసోని అన్నం తింటావే, అందుకని నీకు ప్రేమెక్కువ," అన్నారు. సరిచూస్తే నిజమే.

ఆ గోడ పూర్తయ్యేసరికి ఒక వేసవి గడిచింది. ముగిసిన రోజున ఆయన ఇంటినుంచి కడవ తెప్పించారు. నిండా నీళ్ళతో గోడ మీదికి ఎక్కి, నన్ను కింద నిలబెట్టి, పైనుంచి పోశారు. "వచ్చినాయా?" అని అరిచారు. కొంతసేపటికి గోడ అడుగున రాళ్ళ సందుల్లోంచి సన్నగా నీళ్ళు వచ్చాయి. "వచ్చాయి." "ఎట్లుండాయి?" "తేటగా ఉన్నాయి." అప్పుడు దిగివచ్చి చెప్పారు. నీళ్ళు తేటగా వస్తే గోడ బాగున్నట్టు. బురదగా వస్తే లోపల ఏదో కరుగుతున్నట్టు. మూడోది, రాకపోతే? అని అడిగాను. "రాకపోయేట్టు ఎవుడు కడతాడు?" అన్నారు. పుస్తకంలో మూడో అంకె వేసి ఎదురుగా ఖాళీ వదిలాను.

ఆ ఖాళీని నేనే నింపాను. అధ్యక్షుల వారు ఒకసారి పరివారంతో వేంచేశారు. ఉత్తరపు గోడను చూసి, "ఏందిరా వెంగా ఇది? పళ్ళూడిన ముసలిదాని నోరు మాదిరి ఈ సందులేంది? సిమెంటు పెట్టి పూడ్చు," అన్నారు.

"సందులు గావు సామీ, గోడకు ముక్కులవి. తమరి ముక్కు రెండు బెజ్జాలూ పూడ్చి చూడండి, ఎంతసేపుంటారో."

"చూసినారా! రాయికి ముక్కంట!" అన్నారు అధ్యక్షుల వారు. పదిమందీ నవ్వారు. ఎప్పుడు నవ్వాలో తెలుసుకోవడం తప్ప ఆ పదిమందికీ మరే విద్యా రాదు. తరువాత నావైపు తిరిగి, కర్నూలు నుంచి పెద్దలు చూడటానికి వస్తున్నారనీ, మేస్త్రి అప్పటికే విప్పి పునాది వేసిన దక్షిణపు గోడ నెలరోజుల్లో ముగియాలనీ, నా చదువు ఏమంటుందో చెప్పమనీ అడిగారు. సిమెంటు పెడితే గోడ మరింత గట్టిగా ఉంటుందని నా చదువు అంది. కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను.

మేస్త్రి తాపీ ముట్టుకోలేదు. పని జరిగినన్ని రోజులూ ఎదురుగా బండ మీద కూర్చుని చూశారు. ఏనుగులూ వేటకుక్కలూ చెక్కిన పాత రాళ్ళ వరసను కూడా నేనూ కూలీలూ సిమెంటులో అమర్చాం. గోడ నున్నగా, బూడిదరంగులో, పెట్టెలాగా తయారైంది. కర్నూలు పెద్దలు వచ్చి మెచ్చుకుని పోయారు. వాళ్ళు పోయాక మేస్త్రి కడవ తెచ్చి, గోడ మీదికి ఎక్కి, రెండు రాళ్ళ మధ్య పూత అప్పుడే నెర్రె ఇచ్చినచోట నీళ్ళు పోశారు. "వచ్చినాయా?" రాలేదు. "వచ్చినాయా?" రాలేదు. ఆయన దిగారు.

"పోసినవి పోసినట్టు లోపలే ఉండాయి. లోపలికి పోయినవి బయటికి రాకుంటే ఏం జేస్తాయి నాయనా? సదువుకున్నోడివి, చెప్పు."

"ఆవిరైపోతాయి," అన్నాను.

"అట్లనా," అన్నారు.

అంతే. నా జన్మలో అంతటి తిట్టు ఇంకొకటి తినలేదు.

కార్తీకంలో ముసురు పట్టింది. నాలుగో రోజుకు దక్షిణపు గోడ మధ్యలో ఉబ్బి కడుపు వచ్చింది. ఆరో రోజు ఉదయం మా కళ్ళముందే కూలింది. సిమెంటు పట్టిన చోటల్లా రాయినీ ముక్కలు చేసుకుంటూ వచ్చింది. ఉత్తరపు గోడ కడుపులోని నీళ్ళన్నీ అడుగునుంచి వదిలేసి నిక్షేపంలా నిలబడి ఉంది. అధ్యక్షుల వారు గొడుగు కింద నిలబడి రెండు గోడలనూ చూసి, ఎంతో ఆలోచించి, "వెంగయ్య పునాది సరిగా వెయ్యలేదు," అని తీర్పు చెప్పారు. పదిమందీ తలలు ఊపారు. పునాది చెక్కు చెదరలేదు. అందరూ దాని మీదే నిలబడి ఉన్నారు. నా సంతకం ఉన్న కాగితం అధ్యక్షుల వారి దగ్గరే ఉంది. నేను నోరు విప్పలేదు. వాళ్ళు తెలివిలేక అన్నారు. నేను తెలిసి ఊరుకున్నాను. ఆ పదకొండు మంది కన్నా పన్నెండోవాడు హీనుడు.

మేస్త్రి శిథిలంలోకి దిగి ఒక వేటకుక్క తలను తీశారు. దాని మొండెం కోసం చాలాసేపు వెతికారు. తరువాత నన్ను పిలిచారు.

"బుక్కు తియ్యి. రాసుకో. దక్షిణం గోడ, సచ్చింది. సంపినోళ్ళు: సిమెంటు ఒకటి, ఓర్సీరు రెండు. రాసుకున్నావా?"

"రాసుకున్నాను."

"మూడు: వెంగయ్య. బండ మీద కూసోని చూసినోడు."

మూడోది రాయనన్నాను. రాసేదాకా అక్కడినుంచి కదలనివ్వలేదు. ఆ మరునాటి నుంచి పగిలిన రాళ్ళను ఏరి, అంచుకు అంచు ఆనించి చూస్తూ, మళ్ళీ చేప, తేలు, జొన్నకంకి గుర్తులు పెడుతూ వచ్చారు. ఆ పని చేయమని ఎవరూ అడగలేదు, ఎవరూ పిలవలేదు. మూడు వరసలు తేలాయి. నాలుగో వరస మధ్యలో జ్వరం వచ్చింది.

సంతాప సభ తీర్మానాన్ని చదివి వినిపించడానికి అధ్యక్షుల వారు స్వయంగా మేస్త్రి ఇంటికి వెళ్ళారు. నేను వెంట ఉన్నాను. మేస్త్రి భార్య సుబ్బమ్మ గారు గడపలో కూర్చుని అంతా విన్నారు. "ఏంది సామీ, గోడకు పూస్తారా?" అని అడిగారు. "అవునమ్మా, నున్నగా. మీ ఆయన పేరు నూరేండ్లుంటది." ఆమె, "మా ఇంటాయన నిన్ను తిట్టినాడని ఇట్ల పగ తీర్చుకుంటాండావా? సచ్చినోడితో ఏం పగ?" అన్నారు. అధ్యక్షుల వారికి అర్థం కాలేదు. ఆమె దుఃఖంలో ఉందని నాకు వివరించారు.

అంచనా పట్టిక నిన్న ఇచ్చాను. సిమెంటు: అక్కరలేదు. ఇసుక: అక్కరలేదు. పేరు చెక్కడం: అక్కరలేదు, గోడ చాలు. కింద ఇంకో మాట చేర్చాను: దక్షిణపు గోడ నా సలహా వల్ల కూలింది, వెంగయ్య మేస్త్రి పునాది వల్ల కాదు. సంతకం పెట్టాను. ఈసారి నకలు నా దగ్గర ఉంచుకున్నాను. ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. ఉత్తరపు గోడకు తాపీ తగిలితే మాత్రం ఈ వ్యాసం చదివినవారు ఊరుకోరాదని నా ప్రార్థన. మేస్త్రికి నివాళి అర్పించదలచినవారు పూలు తేనవసరం లేదు. ఒక కడవ నీళ్ళు తెచ్చి, గోడ మీద పోసి, అడుగున నిలబడి చూడండి.

నేనూ అదే చేశాను. ఈ ఉదయం సుబ్బమ్మ గారు అదే కడవ ఇచ్చి, తామూ గుట్ట ఎక్కారు. నేను గోడ మీద, ఆమె కింద. నీళ్ళు పోసి, "వచ్చినాయా అవ్వా?" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"వచ్చినాయి."

"ఎట్లుండాయి?"

"తేటగానే ఉండాయిలే. దిగు నాయనా, నీ కాలికింద రాయి కదుల్తాంది."

చూసుకుంటే నిజమే. మేస్త్రి అయితే ఆ మాట అంత మెత్తగా చెప్పేవారు కారు.