ముడి వేసిన తుంగ

ఆ రోజు మామ్మగారి మాట మనసు పెట్టి వినకుండానే "ఆయ్" అన్నాను. మా వైపు 'సరేనండి' అనడానికి ఆ మాట నోటికి ఎంత తేలిగ్గా వస్తుందో, దాన్ని నమ్మినవాళ్ళకి ఎంత నష్టమో అప్పటికి నాకు తెలీదు.

తొంభైల చివర్లో మాట. అమలాపురంలో మా వీధి వెనక చెరువు గుర్రపుడెక్కతో, చెత్తతో పూడిపోతుంటే, సైన్సు మాస్టారిని కదా అని నేనే ఇంటింటికీ తిరిగి జనాన్ని పోగుచేశాను. ఓ ఆదివారం పొద్దున్నే కొడవళ్ళతో దిగాం.

ఆ చెరువులో తుంగ కోసి చాపలు అల్లుకునే మామ్మగారు చర్చికి వెళ్తూ ఆగింది.

"మాస్టారూ, నేను కొసలు ముడేసిన తుంగ ముట్టుకోకండేం. అందులో నీటికోళ్ళు పొదుగుతున్నాయండి. పిల్లలు గూడు దిగేక కోసుకుందారి."

"ఆయ్" అన్నాను. నా ధ్యాసంతా మా పని చూడ్డానికి పదింటికి వచ్చే ఊరి పెద్దమనుషుల మీద ఉంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిదిన్నరకి తుంగ ఒక్కటే మిగిలింది. అందులో ముడులు కనిపించాయి. ఆగితే పని సగంలో వదిలేసినట్టు ఉంటుందనిపించింది. పక్షులు ఎగిరిపోతాయిలే అనుకున్నాను. గుడ్లు ఎగరవని పిల్లలకి పాఠం చెప్పేవాణ్ణి నేను. మొదటి ముడి నేనే కోశాను. నన్ను చూసి మిగతావాళ్ళు కోసి, దుంపలతో సహా పీకేశారు.

"చెరువుకి క్షవరం అయిపోయిందండి మాస్టారూ, ఇంక పెళ్ళిచూపులకి కూర్చోబెట్టచ్చు!" అన్నాడొకాయన. అందరం నవ్వాం. ఫొటోలు తీయించుకున్నాం.

మామ్మగారు చర్చి నుంచి తెల్లచీరలోనే వచ్చింది. ఒడ్డున పడేసిన తుంగ కుప్పని చేత్తో కదిపింది. గోధుమ రంగు చుక్కల గుడ్లు, చితికినవి. నీళ్ళ అవతల ఒక నీటికోడి అటూ ఇటూ పరిగెడుతూ అరుస్తోంది.

"ముడి చూళ్ళేదా మాస్టారూ?"

"చూశానండి."

"ఆయ్ అన్నారు గదండీ. అందుకే వెళ్ళేను."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

మరుసటి ఆదివారం అందర్నీ పిలిచి, ఆవిడ ముందే హెచ్చరించిందనీ, దాచింది నేననీ చెప్పాను. కపిలేశ్వరపురం లంకల నుంచి తుంగ దుంపలు గోనెసంచిలో బస్సు మీద తెచ్చి, మోకాలి లోతు బురదలో నాటాను. చాపలకి తుంగ లేక ఆవిడ ఆ ఏడాది ఒక బడి ఊడ్చే పనికి వెళ్ళింది. మరుసటేడు తుంగ లేచింది గానీ నీటికోళ్ళు రాలేదు. ఆ పైయేడూ రాలేదు.

అయినా అప్పటినుంచి చెరువు శుభ్రం చేసే రోజు ఆవిడ వీలు చూసుకునే పెట్టేవాళ్ళం. ముందు ఆవిడ దిగి తుంగంతా తడిమి చూసేది. గూళ్ళేవీ లేక ఒక్క ముడీ వేసే పని ఉండేది కాదు. ఆవిడ గట్టెక్కి "ఇంక దిగండి" అనేదాకా నేను కొడవలి కింద పెట్టి ఒడ్డునే నిలబడేవాణ్ణి.