గొంతు పోయిన చోట దొరికిన పని

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ముప్పై ఏళ్ళు నిండకుండానే నా గొంతు పోయింది. మాది బొబ్బిలి వైపు, నాన్నగారి రైల్వే ఉద్యోగం వల్ల నేను పెరిగిందంతా ఈ రాయపూర్‌లోనే. ఇక్కడే ఒక చిన్న బళ్ళో టీచరుగా చేరి, పిల్లలకు పాఠాల్ని పాటలు కట్టి చెప్పేదాన్ని. అలాంటిది గొంతులో కంతి లేచి, ఆపరేషనయ్యాక మాటే రాలేదు! మాట రాని టీచరుతో ఏం పని అని బడివాళ్ళు మానిపించేశారు. ఆరాధనలో అందరూ పాడుతుంటే నేను వెనక బల్ల మీద కూర్చుని, "తండ్రీ, ఈ నోటితో ఇక నీకేం పని? నన్నెందుకు బతికించావు?" అని లోలోపలే ఏడ్చేదాన్ని.

ఆ బల్ల మీదే సుగుణ కూర్చునేది. రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్ అప్పారావుగారి ఏడేళ్ళ కూతురు, పుట్టుచెవిటిది, ఏ బడీ చేర్చుకోలేదు. అందరూ నన్ను చూసి జాలిపడుతుంటే, నా మాట పోయిన సంగతే ఆ పిల్లకు తెలియదు, సహోదరులారా! ఒకరోజు నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి గోడ మీది గొర్రెపిల్ల బొమ్మ చూపించింది. చాక్‌పీసుతో దాని కింద "గొర్రెపిల్ల" అని రాశాను. కాసేపు చూసి, తన గుండె మీద వేలు పెట్టుకుంది, మరి నేనో అన్నట్టు. "సుగుణ" అని రాశాను. ఆ అక్షరాల్ని ఆ పిల్ల ఎవరినీ చెరపనివ్వలేదు!

అప్పట్నుంచి సంఘం వరండాలోనే బడి. ఉర్లా ఫ్యాక్టరీల కార్మికుల పిల్లలు, నడవలేనివాళ్ళు, ఆలస్యంగా ఎదిగేవాళ్ళు కూడా వచ్చారు. "ప్రభువా, గొంతు ఇవ్వకపోయినా సరే, వీళ్ళను మాత్రం నా దగ్గర్నుంచి తీసుకోకు" అని ప్రార్థించడం మొదలుపెట్టాను. అడగడం మానేసిన ఆ గొంతును, ఇదిగో ఇలా బొంగురుగానైనా, ఆయనే తిరిగి ఇచ్చాడు!

తర్వాత ఈ పిల్లల చదువుకని ప్రత్యేక శిక్షణ పొందాను. ఏళ్ళు గడిచాక, బడి నియమాలు మార్చే కమిటీలోకి నన్ను, అప్పటి మన రాజధాని భోపాల్‌కు పిలిచారు. "వీళ్ళను మామూలు బళ్ళలో చేర్చుకుంటే టీచర్లకు కష్టం మేడమ్‌జీ" అన్నాడొక అధికారి. "కష్టమే సార్, నేర్పిస్తే టీచర్లు కూడా నేర్చుకుంటారు" అన్నాను. అంతా నవ్వారు గానీ, లోపం ఉందని ఏ బిడ్డనూ గుమ్మంలోంచి తిప్పి పంపకూడదన్న మాట ఆ నియమాల్లోకి ఎక్కింది. అది నా తెలివి కాదు, దేవునికే మహిమ!

ప్రియులారా, నలుగురూ ఏమంటారోనని లోపమున్న బిడ్డను ఇంట్లోనే దాచుకున్నవాళ్ళు మీలో ఉంటే, ఆయన్ని నమ్మండి. ఆ బిడ్డను చేసిన చేతులు ఆయనవే. రేపు పొద్దున్నే తీసుకురండి, ఈ వరండా బడి తెరిచే ఉంటుంది.