ఆఫ్రికా పాలపిట్టకు కొలతలు

మా అక్కకూ బావకూ మధ్య పెళ్లయిన నాటి నుంచి ఒక పందెం నడుస్తోంది. దసరా నాడు పాలపిట్టను ముందు చూసినవాళ్లు గెలిచినట్టు, ఓడినవాళ్లు పండగ మటన్ వండాలి. బావ కళ్లు మహా చురుకు. అక్క గెలిచిన ఏడాది నాకు గుర్తు లేదు.

బావ గనిలో రిటైరయ్యాక ఇద్దరూ తోటివాళ్లతో కలిసి ఆఫ్రికా చూడ్డానికి పోయారు. ఈసారి దసరా అక్కడే వచ్చింది. జీపులోంచి చెరో పిట్టను చూసి, చెరో ఫోటో తీసుకొని నస్పూర్‌లో ఇల్లు చేరారు. తనది పాలపిట్ట, అవతలి వాళ్లది కాదని ఇద్దరి వాదన.

వాయిదా పడ్డ పండగను ఒక ఆదివారం పెట్టుకొని, తీర్పుకు నన్ను పిలిచారు. గోదావరిఖనిలో నాది టైలర్ షాపు. ఫోటోలో మనిషి తలను ఒకటిగా పెట్టుకొని, భుజం ఎంత, చెయ్యి ఎంత అని లెక్కగట్టడం నాకు నేనే నేర్చుకున్నాను. పిట్టలకు ముక్కును ఒకటిగా పెట్టి తోకలు కొలిచాను.

"బావా, నీ పిట్ట తోకకు రెండు సన్నటి ఈకలు దారం కొసల లెక్క వేలాడుతున్నయి. మన పాలపిట్ట తోక సాఫుగ కత్తిరించినట్టుంటది. ఇది కాదు."

"అక్క దిక్కే మాట్లాడుతవా బామ్మర్ది? జీపు గాలికి సాగినయేమో!"

అక్క అప్పటికే కత్తి, ఉల్లిగడ్డలు తెచ్చి బావ ముందు పెట్టింది. "సన్నగ కొయ్యి. కారం నేను చెప్పినంతనే."

బావ గులుగుకుంటూ కోస్తున్నాడు. నేను ఊరుకుంటే అయిపోయేది. కాని ఒక్క కొలతతో గుడ్డ కత్తిరించే అలవాటు నాకు లేదు. అక్క ఫోటో మళ్లీ తెరిచాను. తోక సరిపోయింది. రొమ్ము దగ్గరే అనుమానం. గొంతు నుంచి పొట్ట దాకా ఒకటే లేత నీలం. మరి పాలపిట్ట రొమ్ము ఏ రంగు? ఇన్నేళ్లూ కనబడగానే దండం పెట్టుకున్నానే గాని, రొమ్ము చూడలేదు.

బయటికి నడిచాను. పొలాల అంచున కరెంటు తీగ మీద పాలపిట్ట ఉండనే ఉంది. గోధుమ రంగు రొమ్ము, దాని మీద తెల్లటి గీతలు. దాని ఫోటో తీసుకొచ్చి మూడూ పక్కపక్కన పెట్టి చూశాను. ఫోన్‌లో వెతికితే పేర్లూ దొరికాయి. బావది ఊదా రొమ్మున్న లైలాక్ బ్రెస్టెడ్ రోలర్. అక్కది యూరోపియన్ రోలర్, చలికాలం గడపడానికి ఆఫ్రికా వచ్చిన చుట్టం. రెండూ పాలపిట్టకు దాయాదులే తప్ప పాలపిట్టలు కావు.

చెప్పక తప్పలేదు.

"ఒక్క దసరాకన్న కూసొని తిందామనుకుంటి గద తమ్మీ," అంది అక్క.

బావ కత్తి కింద పెట్టి, నా ఫోన్ లాక్కున్నాడు. "గీ మూడో పిట్టను ఎవలు చూసిండ్రు?"

"నేనే."

"మనకు దసరా ఇయ్యాలనే గద. అంటే నువ్వు గెలిచినవ్, మేమిద్దరం ఓడినం. లేవే, నువ్వు గూడ రా."

"ఆగు బావా. గెలిచినోని మాట నడవాలె. కత్తి ఎవలు పట్టిండ్రో వాళ్లే కూర దించాలె."

"మోసం!" అని బావ మళ్లీ ఉల్లిగడ్డ అందుకున్నాడు, నవ్వుతూనే.

ఆ మధ్యాహ్నం అక్క గరిటె ముట్టలేదు. కూర్చున్న చోటి నుంచే, "ఏందయ్యా, ఇంక రెండు ముక్కలు ఎయ్యి," అని బావను రెండుసార్లు పిలిచింది.