మూట మీద ఎర్ర నంబరు

రెండో అంతస్తు గుమాస్తా తన నీలం చొక్కా పోయిందని మెట్ల కింద ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి నానా యాగీ చేసిన రోజున ఇస్త్రీ అక్క పెట్టెలో బొగ్గులు విసురుకుంటూ ఆయన గొంతు అలిసిపోయేదాకా ఆగింది. ఆ తర్వాత తాపీగా, "పై గుండీ పెట్టుకోండి అన్నగారూ, కాలరు మడత నలుగుతోంది" అంది. పోయిందన్న చొక్కా ఆయన ఒంటి మీదే ఉంది. ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చున్న మూడో అంతస్తు మామ్మ నవ్వాపుకోలేక కట్టుడుపళ్ళు పట్టుకుంది. గుమాస్తా నోరు మూతపడటం ఆ భవనంలో ఎవరైనా చూశారంటే అదే మొదలు.

బట్టల విషయంలో ఆమెను వేలెత్తి చూపినవాడు లేడు. ఏ ఇంటి మూట ఆ ఇంటి గుడ్డలోనే కట్టేది, గుడ్డ మీద ఇంటి నంబరు ఎర్రదారంతో కుట్టేది. అడగ్గానే అందివ్వాలని, అరలో పేర్చేటప్పుడు నంబరు బయటికి కనపడేలా పెట్టేది. మొగుడు పోయాక ఆ బల్లా, ఆ అరా, ఆ మంచిపేరూ తప్ప ఆమెకు మిగిలిందేం లేదు.

అంతలో దొంగలు పడ్డారు. కిందింటి బ్యాంకు దంపతులు ఊరెళ్తే తాళం బద్దలుకొట్టి బీరువా ఊడ్చేశారు. కొన్నాళ్ళకే వెనక వీధిలో ఇంకో ఇల్లు. భవనంలో ప్రతివాళ్ళూ కొత్త తాళాలు కొన్నారు. వేసిన తాళం లాగి చూసి, నాలుగు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి లాగి చూసేవారు. గుమాస్తా మాత్రం పోతూ పోతూ నవ్వుతూ ఒక మాట విసిరాడు: "ఎవరిల్లు ఖాళీయో ముందు తెలిసేది నీకేగా అక్కా."

దీన్ని చొక్కా సంగతిలా కొట్టిపారేయడానికి లేదు. అది నిజం. ఊరెళ్ళేవాళ్ళు "వచ్చాక తీసుకుంటాం" అని ఆమెకే చెప్పి పోతారు. దోపిడీ జరిగినప్పుడు ఆ రెండిళ్ళ బట్టలూ ఆమె దగ్గరే ఉన్నాయి. ఎవరితోనూ అనలేదని దేవుడి మీద ఒట్టేయగలదు. మరి దొంగకెలా తెలిసింది?

మర్నాడు బొగ్గుల కోసం రోడ్డు దాటి వెనక్కి తిరిగి తన బల్ల వైపు చూసింది. అవతలి నుంచి అర మొత్తం, ఎర్ర నంబర్లతో సహా కనిపిస్తోంది. ఊళ్ళో ఉన్నవాళ్ళ మూటలు సాయంత్రానికల్లా వెళ్ళిపోతాయి, లేనివాళ్ళవి కదలవు. రెండు రోజులు కాపు వేసినవాడికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. అంత ముచ్చటగా పేర్చింది తనే.

ఇప్పుడు కదలకుండా ఉన్న మూట ఒక్కటే, మామ్మ పక్క వాటా నర్సమ్మది. చెల్లెలికి బాగాలేదని ఆసుపత్రిలో తోడుండటానికి వెళ్ళింది. రాత్రీ పగలూ నర్సు డ్యూటీలు చేసి కొనుక్కున్న బంగారమంతా ఆ ఇంట్లోనే ఉంది. నిన్న బండి మీద వచ్చినవాడొకడు పాంటుకెంత అని అడిగాడు, అర వంక చాలాసేపు చూశాడు, పాంటు మాత్రం తేలేదు. నర్సమ్మకు ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. పోలీసు స్టేషనుకెళ్తే, దారి చూపించింది నువ్వేగా, రా కూర్చో అంటారు. వెళ్ళకపోతే నర్సమ్మ ఇల్లు గుల్లవుతుంది. ఆ ఆలోచనలో ఎవరిదో చొక్కా చెయ్యి కాలినంత పనయింది.

పెట్టె పక్కన పెట్టి నర్సమ్మ మూట విప్పింది. కాసేపటికి మామ్మ తలుపు తీస్తే, ఎదురుగా ఇస్త్రీ అక్క బకెట్టుతో నిలబడి ఉంది. అందులో పెళపెళలాడేలా ఇస్త్రీ చేసిన నర్సమ్మ దుప్పట్లూ గౌన్లూ తడిసి ముద్దయి ఉన్నాయి.

"ఏమే, మతి పోయిందా నీకు?" అంది మామ్మ.

"వీటిని నర్సమ్మ గుమ్మం ముందు తీగ మీద ఆరెయ్యండి మామ్మగారూ, రోడ్డుకి కనపడేలా, ఇంట్లో మనిషున్నట్టు. సాయంత్రం తీసెయ్యండి. నేను స్టేషనుకెళ్ళి ఆ బండివాడి సంగతీ, నా అర సంగతీ చెప్పేస్తా. నన్నక్కడే కూర్చోబెట్టేసినా సరే, రేపు పొద్దున మళ్ళీ తడిపి ఆరెయ్యండి."