ఎవరూ విప్పని కోలాటం జడ

మా చిన్నప్పుడు సాయంత్రమైతే ఆదోనిలో జిన్నింగు మిల్లు వెనక మైదానంలో కోలలు మోగేవి... మా నాయన అక్కడ గురువు. పగలంతా దూది బస్తాలు మోసి, మీసాల్లో పోగులైనా దులుపుకోకుండా వచ్చి నిలబడేవాడు. "కడుపుకు లేకున్నా ఈయప్పకి కాళ్లకు గజ్జెలు కావాల" అని అమ్మ తిట్టేది.

ఎమ్మిగనూరులో మగ్గం నేసే రంగన్న మామకు ఇంకో దళం ఉండేది. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఎదుటివాళ్లు అడుగులు ఎత్తుకుపోతారని సాధన కూడా దాచుకునేవాళ్లు.

ఆ యేడు వాన మొహం చాటేసింది... పత్తి లేక మిల్లు మూసేశారు. కరువులో అధికమాసం అన్నట్టు, నూలు రాక ఎమ్మిగనూరులో మగ్గాలూ ఆగాయి. రెండు దళాల్లోనూ సగం మంది పెళ్లాం పిల్లలతో లారీలెక్కి గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయారు.

జడకోలాటానికి రెండు వరసలు కావాలి. పైనుంచి వేలాడే రంగుతాళ్లు తలా ఒకటి పట్టుకుని, లోపలి వరస ఒకవైపు, బయటి వరస ఎదురువైపు తిరిగితేనే అవి జడలా అల్లుకుంటాయి. ఒక్క వరసతో ఏమాడతారు?

ఒకరోజు రంగన్న మామ సైకిలు మీద తాళ్ల మూట కట్టుకుని మా వాకిట్లో దిగాడు.

"అన్నా, నాకాడ ఒక వరసకే మనుషులుండారు. నీకాడ?"

"నాకూ అంతేప్పా" అన్నాడు నాయన.

"అయితే లోపలి వరస మీది, బయటిది మాది."

అలా కలిశారు. కానీ బింకం పోలేదు చూడండి... జడ అల్లించడం నాయన, విప్పించడం రంగన్న మామ. ఎవరి గుట్టు వాళ్ల దగ్గరే. విప్పడమంటే వెనక్కి తిరగడమే కదా అనుకోకండి. ఎవరు ముందు తప్పుకోవాలో తెలియకపోతే తాళ్లు ముడిపడిపోతాయి. పైగా ఆడి అల్లిన జడను ఆడే విప్పాలి. చేత్తో విప్పితే మంచిది కాదని మావైపు పట్టింపు.

కౌతాళం దగ్గర జాతరలో మొదటిసారి కలిసి ఆడారు. "ఇన్నొమ్మె, ఇన్నొమ్మె" అని, అంటే ఇంకోసారి అని, కన్నడంలో కేకలేసి మళ్లీ మళ్లీ ఆడించుకున్నారు జనం. తర్వాత అందరూ ఒకేచోట కూర్చుని జొన్నరొట్టెలు తిన్నారు. "ఇన్నాళ్లు ఎందుకు కొట్లాడినామో ఏమో" అని నాయన నవ్వాడు. ఆయన అంత నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

హొళగుంద వైపు ఇంకో జాతర... జడ అల్లడం అయిపోయింది. అప్పుడే రోడ్డు మీద, కూలీలను కోతలకు తీసుకుపోయే మేస్త్రీ లారీ వచ్చి హారన్ కొట్టింది. ఎక్కకపోతే ఆ యేడు ఇంక పని లేదు. బయటి వరస వాళ్లు ఒక్కొక్కరే తాళ్లు వదిలేశారు. కడపట రంగన్న మామ కూడా వదిలాడు.

"కోతలైనాక వచ్చి విప్పుదాంలే అన్నా. జడ జాగర్త."

"పోయిరాప్పా" అన్నాడు నాయన.

రాలేదు... కొందరు గుంటూరు దగ్గరే ఉండిపోయారు, కొందరు బెంగళూరు పోయారు. రంగన్న మామ గుంటూరు వైపే చనిపోయాడని చాలా యేళ్లకు తెలిసింది. మా దళమూ చెదిరిపోయింది. ఇప్పుడు ఆ జాతరల్లో డీజే పెడుతున్నారు.

ఆ రోజు నాయన జడను అల్లింది అల్లినట్టే దించి ఇంటికి తెచ్చాడు. ఎన్ని ఇళ్లు మారినా అది మాతోనే వచ్చింది. బట్టలారేసుకునే తాడుకని అమ్మ అడిగితే నాయన ఆ పూట అన్నం తినలేదు. పెద్దయ్యాక నేనొకసారి చెయ్యి వేయబోతే, "వద్దమ్మా... వాళ్లలో ఎవురో ఒకరు వస్తారు" అన్నాడు.

ఇప్పుడు నాయన మంచం దిగడం లేదు. మొన్న నన్ను పిలిచాడు.

"ఇంగ ఎవురూ రారులేమ్మా. కత్తెర తెచ్చి కోసెయ్. దాన్ని అట్ల చూసుకుంటా పోలేను."

నేను పక్కగదిలోకి పోయి ఏడ్చాను. ఆ మాట ఆయన నోట వస్తుందని ఏ రోజూ అనుకోలేదు.

ఎమ్మిగనూరు వైపు వాళ్లెవరైనా ఇది చదువుతుంటే... మీ తాతో మామో ఆ బయటి వరసలో ఆడి ఉంటే, విప్పే అడుగు మీకేమైనా గుర్తుంటే, కింద ఒక్క ముక్క రాయండి. తప్పుగా గుర్తున్నా పర్వాలేదు.

చిన్నప్పుడు చూసి చూసి నాకూ కొంచెం వచ్చింది... కానీ లోపలి వరస ఒక్కటే. కత్తెర నాయన మంచం పక్కనే ఉంది.