కోణాల మాస్టారి చాదస్తం

కోణాల మాస్టారికి ఉన్నది ఒకటే జబ్బు. సూదిలా సాగిన త్రికోణం కంటపడితే ఆయనకు ముద్ద దిగదు.

ఆయన ఉద్యోగం కంప్యూటర్లో మెష్‌లు సరిచూడటం. ద్రవం పారే చోటును లెక్క కోసం లక్షల త్రికోణపు గడులుగా కోస్తారు. ఆ గడుల అల్లికే మెష్. గడి వంకరైతే లెక్కా వంకరే, కాబట్టి ఆఫీసులో ఆయన పట్టుదల న్యాయమే. కానీ ఆయన ఇంట్లోనూ ఊరుకోరు. ఒకరోజు భార్య రొట్టె కోసి పెడితే పళ్లెం తిప్పి తిప్పి చూశారు.

"ఈ మూల చూశావా, ఎంత సన్నగా ఉందో! ఇది నిలబడదు."

"నిలబడక్కర్లేదు, మింగండి చాలు," అందావిడ.

ఆయన్ని తిట్టుకోని ఇంజనీరు ఆ అంతస్తులో లేడు. ఏ పని ఆలస్యమైనా "మాస్టారి దగ్గర ఇరుక్కుంది" అంటే చాలు, పైవాళ్లు ఇంకో ప్రశ్న వేసేవాళ్లు కాదు.

అలాంటి మనిషి దగ్గరికి కొత్తగా చేరిన అమ్మాయి కాళ్లీడ్చుకుంటూ వెళ్లింది. ఆమెకిచ్చిన పని గుండె కవాటాన్ని కంప్యూటర్లో ఆడించి చూపడం. రక్తం తోస్తే తలుపులాంటి కవాటపు రెప్ప కదలాలి, రెప్ప కదిలితే రక్తం దారి మారాలి. తీరా రెప్ప మూసుకోబోయేసరికి పక్కనున్న గడులు నలిగి తిరగబడి, లెక్క ఆగిపోతోంది. అడిగితే చేతకాదనుకుంటారని మూడు వారాలు ఒంటరిగా కుస్తీ పట్టింది. ఎల్లుండే సమీక్ష. ఆమె ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలేది అక్కడే.

మాస్టారు తెర మీదికి వంగారు. "అయ్యయ్యో! వీటి పీక ఇలా పిసికిందెవరమ్మా?"

"నేనే సార్."

"రెప్ప పక్కనున్నవి పసివి తల్లీ, సాగదీస్తే చస్తాయి. వాటిని గట్టిచెయ్, రెప్పతోపాటే కదులుతాయి. సాగే పని దూరంగా ఉన్న పెద్దవాటికి అప్పగించు. వాటికి ఓపికెక్కువ."

సాయంత్రానికల్లా రెప్ప మూసుకుంది, తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది. లెక్క ఎక్కడా ఆగలేదు. అమ్మాయికి ప్రాణం లేచి వచ్చింది.

సమీక్షలో డైరెక్టరమ్మ ఫలితాలన్నీ చూసి తలూపింది. "బాగుంది. మరి మూడు వారాల ఆలస్యం ఎందుకైంది?"

అమ్మాయి నోరు తెరిచేలోపే మాస్టారు లేచారు.

"నా దగ్గరే ఇరుక్కుందండీ. ఒక మూల నాకు నచ్చలేదు."

"ఒక్క మూలకి మూడు వారాలా?"

"మొండి మూలండీ."

గదంతా గొల్లున నవ్వింది. డైరెక్టరమ్మ ఆ అమ్మాయి ఉద్యోగం ఖాయం చేస్తూ సంతకం పెట్టేసింది.

అమ్మాయికి మాత్రం మనసొప్పలేదు. ఉద్యోగం పోతే పోనీ అనుకుని, వరండాలో డైరెక్టరమ్మ వెంటపడింది.

"మేడమ్, మాస్టారు నా పని చూసింది ఒక్క పూటే. ఆలస్యం నాదే."

డైరెక్టరమ్మ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"తెలుసులేమ్మా. నేను చేరిన కొత్తలో నాకు రెండు నెలలు పట్టింది. అప్పుడైతే ఆయనకి ఏకంగా నాలుగు మూలలు నచ్చలేదు."