పురిటి గదిలో పచ్చి మామిడి కట్టె

నిన్న సాయంత్రం బస్సులో ఫోన్ చూస్తుంటే ఒక వీడియో వచ్చింది. చెట్లని ముక్కలు కొట్టి, కాల్చి కరెంటు తీస్తారట. బొగ్గు కాదు, కర్రే కదా, ప్రకృతికి ఏ బాధా లేదట. నాకు చిర్రెత్తుకొచ్చింది. అసలే కోపం ముక్కు మీద ఉండే మనిషిని. అక్కడే కామెంట్ మొదలుపెట్టాను గానీ, రాస్తూ రాస్తూ మా మామ్మ పురిటి గది దాకా వెళ్లిపోయాను. అది కామెంట్లో పట్టే సంగతి కాదు.

మామ్మ అంటే నాన్న వాళ్లమ్మ. నేను విశాఖలో పెరిగినదాన్ని. సెలవులకి చోడవరం వెళ్తే ఆవిడ చెప్పే కబుర్లలో ఇదొకటి. యాభైల నాటి మాట. మా పెద్దత్త, అంటే నాన్న అక్క, బెల్లం వండే రోజుల్లో పుట్టింది. ఆ ఏడు అకాలవర్షానికి చెరుకు పిప్పంతా తడిసి ముద్దయింది. పిప్పి లేకపోతే పెనం కింద మంట లేదు, మంట లేకపోతే రసం పులిసిపోతుంది. ఇంట్లో ఎండుకట్టెలన్నీ బెల్లం పొయ్యికే పోయాయి. అవీ చాలక పెరట్లో ముత్తాత నాటిన మామిడిచెట్టు కొట్టేశారు. దాని పచ్చి కొమ్మలు పురిటి గదిలో కుంపటికి వచ్చాయి. బాలింతకి గాలి సోకకూడదని తలుపుకి బయట గొళ్లెం, కిటికీకి గోనెసంచి. కుంపటి ఆరితే అరిష్టం. పచ్చికట్టె మండదు, ఆరదు. అలిగిన చుట్టంలా మూల కూర్చుని పొగ కక్కుతుంది.

మధ్యాహ్నానికి పిల్ల ఏడుపు ఆగిపోయింది. పెదాలు నీలం తిరిగాయి. మామ్మ తలుపు బాదింది.

“అత్తా, తలుపు తియ్యి! గుంటకి ఊపిరాడతం నేదు!”

“గాలి కొడితే నడుం పట్టేస్తాదే. నలుగుర్ని ఈ పొగలోనే కన్నాను, సచ్చేనేటి?” అంది అత్తగారు బయటినుంచి.

ఇక తియ్యదని మామ్మకి అర్థమైపోయింది. ఇల్లు తాటాకుది. నులకమంచం గోడ దగ్గరకి లాగి, దాని మీదెక్కి, చూరులో ఆకులు పీకి, ఆ కన్నంలో పిల్ల మొహం పెట్టింది. “గాలి వస్తాదనుకున్నానమ్మా” అనేది మామ్మ. వచ్చింది బెల్లం పొయ్యి పొగ. లోపల మామిడి కొమ్మలు, బయట మామిడి మొద్దులు. ఊరంతా అదే పొగ. పిల్లని ఎటు తిప్పాలో తెలీలేదు. బయటిది కాస్త పలచన అనిపించి, అలాగే పట్టుకుని నిలబడింది.

పెరట్లోకి వచ్చిన అత్తగారు చూరులో మసిపట్టిన చిన్న మొహం చూసి కెవ్వుమంది. “ఒసే, పచ్చి బాలింతవి, సూరెక్కేవేటే!” అని తిడుతూనే పరుగెత్తి గొళ్లెం తీసింది. పొగ మొహానికి కొట్టింది. దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ, అరిష్టం మాట మర్చిపోయి కుంపటిని తనే బయటికి ఈడ్చి నీళ్లు కుమ్మరించింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏ పురిటికీ గొళ్లెం పెట్టలేదు.

పిల్ల ఏడ్చింది, బతికింది. పెద్దత్తకి ఇప్పుడు డెబ్బై. నాలుగు మెట్లెక్కితే ఛాతీలోంచి ఈల వినిపిస్తుంది. “మా పుట్టింటోలు పెట్టిన సారె ఇదే” అని నవ్వుతుంది, నవ్వితే మళ్లీ దగ్గు. మామిడి ఎదగడానికి రెండు తరాలు పట్టింది, కాలడానికి ఒక్క బెల్లం సీజను కూడా పట్టలేదు. ఆ పొగ దిగడానికి మాత్రం ఒక మనిషి జీవితకాలం చాలేట్టు లేదు.